బిస్కెట్లు లేని టీ

మొగుడి మీద చాడీలు చెప్పడానికి ఒక వరసుంది. ముందు తాగుడు, తర్వాత తిరుగుడు, ఆ తర్వాత చెయ్యి చేసుకోవడం. మా ఆయనలో ఈ మూడూ లేకపోవడంతో నా చాడీలు ఎవరూ చెవిన పెట్టరు. ఆయన మీద నాకున్న ఫిర్యాదల్లా ఒక్కటే. టీ తీసుకెళ్ళి ముందు పెడితే టీ వంక చూడరు, తెచ్చిన మనిషి వంక అసలే చూడరు, ట్రే వంక చూస్తారు. ట్రేలో బిస్కెట్లున్నాయా, ఉంటే ఏ రకం, అది చూసుకున్నాక గానీ ఆయనకి నోరు పెగలదు. తిండియావ అనుకునేరు. ఒక్క ముక్క ముట్టరు, షుగరు. కానీ ఆ బిస్కెట్ల మీదే మా ఇల్లు నడుస్తోంది.

మా ముందు గదే ఆయన ఆఫీసు. పిల్లల్ని పెద్ద యూనివర్సిటీల్లో చేర్చాలని ఉబలాటపడే అమ్మానాన్నలు ఒక ఫైలు తెచ్చి ఇచ్చి వెళ్తారు. అందులో మార్కుల కాగితాలు, పిల్లలు తమ గురించి తాము రాసుకున్న వ్యాసం, చదువు కాక ఇంకా ఏమేం చేశారో నింపాల్సిన పేజీ ఉంటాయి. కొన్నాళ్ళకి పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వస్తారు, డాక్టరు ముందు రిపోర్టు పెట్టి కూర్చున్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మా ఆయన ఫైలు తెరవరు. పిల్లల ముఖంలోకి కాసేపు చూస్తారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, అప్పుడు చెప్తారు. “వస్తుంది, నా మాట మీద ఉండండి,” అనో, “కొంచెం కష్టం, పక్కన ఇంకోటి చూసుకోండి,” అనో. దాదాపుగా ఆయన చెప్పినట్టే జరుగుతుంది. “సార్ ముఖం చూసి సీటు చెప్పేస్తారు” అని పేరు పడిపోయింది. నిజానికి ఆ ముఖం చూడడమంతా టీ వచ్చేదాకా కాలక్షేపం.

ఫైళ్ళు చదివేది నేను. భోజనాల బల్ల మీద ఒక పక్క బీన్స్ తుంచుకుంటూ, ఇంకో పక్క ఎవరి పిల్ల ఎంత అబద్ధమాడిందో చూసుకుంటూ. క్రీము బిస్కెట్లు పెట్టానంటే సీటు దాదాపు ఖాయం. ఉప్పు బిస్కెట్లంటే అటూ ఇటూ. ఉత్త టీ పంపానంటే, ఆశ పెట్టుకోవద్దని నొప్పించకుండా చెప్పమని. మొదట్లో చీటీ రాసి ఫైల్లో పెట్టేదాన్ని. ఒకసారి ఒక కాంట్రాక్టరు గారు ఫైలు అందుకుంటుంటే చీటీ జారి ఆయన ఒళ్ళోనే పడింది. “వ్యాసం వాళ్ళ నాన్న రాశాడు, అదీ బాగా రాయలేదు” అని ఉంది అందులో. ఆ రోజు నుంచీ చీటీలు మానేసి బిస్కెట్లలోకి దిగాం.

ఈ ఏర్పాటు సంగతి మా అత్తగారికి తెలియదు. తుంటి ఎముక విరిగాక ఆవిడ లోపలి గదిలో వాలు కుర్చీకీ మంచానికీ మధ్యే ఉంటారు, కానీ చెవులు మాత్రం వీధి దాకా వస్తాయి. “కొందరికి క్రీమువి పెడతావు, కొందరికి ఏమీ పెట్టవు. మనుషుల్ని బట్టి పెట్టడం ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్? మీ వాళ్ళంతా ఇంతేనా?” అంటారు. నేను “అవునండీ, మా వంశంలోనే ఉంది” అని పాలు పొంగకుండా చూసుకుంటాను. నేను ఇంకో మాటంటే, “వాడు పొద్దస్తమానం ఆ జనంతో గొంతు చించుకుంటున్నాడు, నీకేం, కూర్చుని కాగితాలు తిప్పుతావు” అంటారు. కాగితాలు తిప్పడం వరకూ ఆవిడ చూశారు. కూర్చోవడం ఎప్పుడు చూశారో నాకు తెలియదు.

అప్పుడప్పుడూ ఎవరో మర్యాదస్తులు టీ కప్పు అందుకుంటూ అడుగుతారు, “మేడం గారేం చేస్తారు సార్?” అని. మా ఆయన చాలా ప్రేమగా నా వైపు చెయ్యి చూపించి, “ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది” అంటారు. ఆ మాట అన్నప్పుడు కూడా ఆయన చూపు ట్రే మీదే ఉంటుంది. ఆ ట్రేలో నేను ఏం పెట్టానో అదే ఆ తర్వాత నిమిషంలో ఆయన నోట్లోంచి వస్తుంది. నేను నవ్వుకుంటూ లోపలికి వచ్చేసేదాన్ని. నా నవ్వు మీద నాకు బోలెడు నమ్మకం ఉండేది. ఎవరికీ తెలియకుండా తెలివిగా ఉండడం ఒక సుఖం కదా. అందులో ఇంకొకళ్ళకి దెబ్బ తగులుతుందని ఎప్పుడూ తట్టలేదు.

కళ్ళద్దాల షాపాయన ఫైలు తెచ్చినప్పుడు దరఖాస్తుల గడువు దగ్గర పడింది. వీధి చివర షాపు. సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి, ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళ కళ్ళజోడు వంకరగా ఉందేమో చూస్తాడు. భార్య పోయింది. కూతురు పన్నెండో క్లాసు. గుమ్మంలోనే చెప్పాడు, “ఇది ఆ పెద్ద యూనివర్సిటీ అంటోంది సార్. మీరు అవకాశం ఉందంటే అప్లై చేయిస్తాను. లేదంటే మన పక్క కాలేజీలోనే చేర్పిస్తాను, ఇంటిపట్టునే ఉంటుంది. మీ మాటే ఫైనల్.” మా ఆయనకి మీ మాటే ఫైనల్ అనే మనుషులంటే మహా ఇష్టం.

ఆ ఫైలు చదివిన పూట నాకు చిరాగ్గా ఉంది. కారణం పెద్దదేం కాదు. అత్తగారిని కుర్చీలోంచి మంచం మీదకి మార్చేటప్పుడు నా నడుం పట్టేసింది. ఆవిడ “నెమ్మదే, చంపేస్తావా” అని అరిచారు. మా ఆయన ముందు గదిలోంచి తల తిప్పకుండా “ఏమైందోయ్” అన్నారు. ఆ ఏమైందోయ్‌కి జవాబు అక్కర్లేదని అందరికీ తెలుసు. అలాంటప్పుడు ఫైలు తెరిచాను. మార్కులు బ్రహ్మాండం. వ్యాసం మాత్రం చదువు వల్ల కలిగే లాభాల మీద, ఎవరో చెప్పి రాయించినట్టు, చప్పగా ఉంది. ఇక ఆఖరి పేజీ. చదువు కాక ఏమేం చేశావు, ఏ పోటీల్లో పాల్గొన్నావు, ఎవరికి సాయం చేశావు, ఏ బాధ్యతలు మోశావు. మిగతా పిల్లలు అక్కడ చోటు చాలక కాగితాలు అతికిస్తారు. వక్తృత్వం, ఈత, వృద్ధాశ్రమానికి ఒక పూట వెళ్ళి పళ్ళు పంచి ఫోటో దిగడం. ఆ అమ్మాయి ఆ పేజీ మొత్తానికి ఒక్క ముక్క రాసింది. “ఏమీ లేవు.”

నాకు బాగా గుర్తు, ఒక బీన్స్ కాయ తుంచి గిన్నెలో వేస్తూ పైకే అన్నాను, “ఇన్నేళ్ళూ ఏం చేసిందమ్మా ఈ పిల్ల?” అని. పెద్ద యూనివర్సిటీ వాళ్ళు మార్కులు అందరివీ చూస్తారు, చివరికి ఆ పేజీ దగ్గరే తేలుస్తారు. అది ఖాళీగా ఉంటే పక్కన పెట్టేస్తారు. కాబట్టి లెక్క ప్రకారం నా తీర్పు సరైనదే. వాళ్ళొచ్చిన రోజు ఉత్త టీ పట్టుకెళ్ళాను.

మా ఆయన ఆ అమ్మాయి ముఖంలోకి చూశారు. ట్రే వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “చూడమ్మా, నువ్వు తెలివైన పిల్లవే. కానీ వాళ్ళకి కావాల్సింది నీలో కనబడ్డం లేదు. పక్క కాలేజీ కూడా మంచిదే,” అన్నారు. కళ్ళద్దాల షాపాయన ఒళ్ళు తేలికైనట్టు వెనక్కి వాలాడు. “నేను చెప్తే విన్లేదు సార్. ఇప్పుడు సార్ నోటితో విన్నావుగా?” అన్నాడు కూతురితో. ఆ అమ్మాయి తల ఊపింది. అంతే. ఏడవలేదు, వాదించలేదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, తాగితే ఎవరైనా ఏమైనా అంటారేమో అన్నట్టు చూస్తోంది.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి అత్తగారి కేక. పరిగెత్తాను. ఆవిడ కుర్చీలోంచి సగం కిందికి జారిపోయి ఉన్నారు. నేను వంగబోతే నడుం మళ్ళీ పట్టేసింది. అవతల స్టవ్ మీద పాలు. ఏది ముందో తెలియక అలాగే వంగి నిలబడిపోయాను, కుర్చీకీ వంటింటికీ మధ్య, ఎటు చూసినా నా తప్పే అవబోతున్నట్టు.

ఆ అమ్మాయి ఎప్పుడు వచ్చిందో, దారిలో స్టవ్ ఆపి వచ్చింది. “జరగండి ఆంటీ,” అంది. అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “మామ్మగారూ, నా భుజాల మీద చేతులు వెయ్యండి. ఆ కాలు కదపద్దు, నేను చూసుకుంటా. ఇప్పుడు ముక్కు నా వైపు పెట్టండి, నా ముక్కు మీద కోపమొచ్చినట్టు చూడండి,” అంది. అత్తగారు నవ్వేశారు. ఆ నవ్వులోనే ఆవిడ పైకి లేచి కుర్చీలో కూర్చున్నారు. నొప్పి అన్న మాట లేదు. అమ్మాయి ఆవిడ నడుం వెనక దిండు సర్ది, చీర కుచ్చిళ్ళు లాగి పాదాలు కప్పింది. ఎవరూ చెప్పకుండానే.

“ఎక్కడ నేర్చుకున్నావమ్మా?” అన్నాను.

“మా నానమ్మకి పక్షవాతం ఆంటీ. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నేనే చూస్తాను. స్కూలుకెళ్ళే ముందోసారి స్నానం అదీ, వచ్చాక వంట. నానమ్మకి మాట రాదు, కళ్ళతోనే అడుగుతుంది. మొదట్లో అర్థమయ్యేది కాదు, ఇప్పుడు పర్వాలేదు.”

“మరి ఆ పేజీలో రాయలేదేం? ఏ బాధ్యతలు మోశావని అడిగారుగా?”

ఆ అమ్మాయి నా వైపు జాలిగా చూసింది, పెద్దదాన్ని ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. “అది ఇంట్లో పనే కదా ఆంటీ,” అంది. “అదెవరైనా రాస్తారా?”

ముందు గదిలోంచి వాళ్ళ నాన్న పిలిచాడు. వెళ్ళిపోయింది.

తప్పు చేసినట్టు ఉండడం నాకు కొత్త కాదు. పాలు పొంగితే తప్పు నాది. ఉప్పెక్కువైతే నాది, కరెంటు బిల్లు పెరిగితే నాది, అత్తగారికి మలబద్ధకమైతే కూడా ఏదో ఒక దారిలో నా దాకా వస్తుంది. పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనకుండానే లేచి ఒక గిన్నె తోమి వస్తాను. ఆడవాళ్ళకి ఇది ఒంట్లో వేడిలాగా ఎప్పుడూ ఉండేదే, కాస్త ఎక్కువా తక్కువా. కానీ ఈసారి అది వేరుగా ఉంది. ఊరికే తప్పు చేసినట్టు ఉండడం వేరు, నిజంగా చెయ్యడం వేరు. నిజంగా చేసినప్పుడు గిన్నెలు తోమితే పోదు. నేను ఉన్న గిన్నెలన్నీ తోమి చూశాను.

వాళ్ళు బల్ల మీదే వదిలేసి వెళ్ళిన ఫైలు మళ్ళీ తీశాను. ఆ చప్పటి వ్యాసంలో, చదువు లాభాల మధ్య, నేను కంటితో దాటేసిన ఒక వాక్యం ఉంది. “నేను నాకు దొరికిన టైములో చదువుకుంటాను.” దొరికిన టైము అంటే ఏంటో తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఎవరైనా ఉంటే అది నేనే. పప్పు ఉడికేలోపు, నీళ్ళు కాగేలోపు, అత్తగారు కునుకు తీసేలోపు దొరికిన టైములోనే కదా నేను ఊరి పిల్లలందరి భవిష్యత్తూ చదివింది. అలాంటిదాన్ని, ఆ వాక్యం మీద నుంచి చూపు జార్చేసి, “ఏమీ లేవు” దగ్గర ఆగాను. ఆగి నమ్మాను. “ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది” అని మా ఆయన నా గురించి అన్నప్పుడు నవ్వుకుని లోపలికి వచ్చేదాన్ని కదా, ఆ మాట నన్నేమీ చెయ్యలేదనుకున్నాను. అది నాలోకే వచ్చి, నా కుర్చీలోనే కూర్చుని, నా చేత్తోనే ఆ పిల్ల ట్రేలోంచి బిస్కెట్లు తీసేసింది. ఇంకొకళ్ళు చేసి ఉంటే ఎంత చక్కగా కోపం తెచ్చుకునేదాన్నో.

మా ఆయనతో చెప్పాను. గడ్డం గీసుకుంటున్నారు, సగం ముఖం నురగ.

“ఆ పిల్లకి అవకాశం ఉందండీ. నేనే సరిగ్గా చూడలేదు. ఫోను చేసి చెప్పండి.”

“చెప్పేశాంగా.”

“అందుకే, మళ్ళీ చెప్పండి. గడువు ఈ వారంతో అయిపోతుంది.”

“ఏమని చెప్పను? మీ అమ్మాయి వంట చేస్తుంది, ముసలావిడకి స్నానం చేయిస్తుంది, అందుకని యూనివర్సిటీలో సీటిస్తారని చెప్పనా? నవ్వుతారోయ్.”

“వృద్ధాశ్రమంలో పళ్ళు పంచిన పిల్లాడికి క్రీము బిస్కెట్లు పెట్టాను నేను. అప్పుడు నవ్వలేదుగా మీరు.”

ఆయన బ్లేడు ఆపారు. ఆయన చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు ఎంత సులువయ్యేదో. “అలా కాదు. పొద్దున ఒకటి చెప్పి సాయంత్రం ఒకటి చెప్తే ఇక నా మాటకి విలువేముంటుంది? సార్ చెప్తే చెప్పినట్టే అన్న పేరు మీద కదా ఇంతమంది వస్తున్నారు,” అన్నారు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను కాబట్టి అద్దంలోంచి అన్నారు, “అయినా నన్నంటావేంటి? బిస్కెట్లు పెట్టంది నువ్వు కదా?”

ఆ మాట నాతో పాటు వంటింట్లోకి వచ్చింది. చాలాసేపు దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. సీటు వస్తే సార్ చెప్పారు. రాకపోతే నేను బిస్కెట్లు పెట్టలేదు. ఇంత పెద్ద వ్యాపారంలో, బోర్డు మీద ఆయన పేరు, కార్డు మీద ఆయన పేరు, జనం నోట్లో ఆయన పేరు. మొట్టమొదటిసారి నా పేరున ఒకటి రాసిచ్చారు, ఈ తప్పు. పారేసుకోవడానికి మనసొప్పలేదు.

అత్తగారు ఆ రోజు నుంచీ ఒకటే గొడవ. “ఆ పిల్ల మళ్ళీ రాలేదేమే? నువ్వు లేపితే బస్తా లేపినట్టుంటుంది. ఆ పిల్ల లేపితే మనిషిని లేపినట్టుంది,” అంటారు. ఇంకో రోజైతే ఆ బస్తా మాటకి నాలుగు రోజులు ముభావంగా తిరిగేదాన్ని. ఇప్పుడు నిజమేననిపించింది. నేను ఆవిడని లేపుతూ మనసులో ఫైళ్ళు చదువుకుంటాను.

గడువుకి ముందు రోజు పొద్దున, అత్తగారి కళ్ళజోడు కిటికీ గట్టు మీద ఉంది. తీసుకుని, చిన్న కత్తి మొనతో దాని కాడ దగ్గర స్క్రూ వదులు చేస్తున్నాను. తల ఎత్తితే అత్తగారు నన్నే చూస్తున్నారు. కళ్ళజోడు లేకపోయినా ఆ దూరం ఆవిడకి బాగానే కనిపిస్తుంది. చేతిలో కత్తితో దొరికిపోయాను. కాడ ఊడి నా ఒళ్ళో పడింది.

“విరిగిందా?” అన్నారు.

“ఊడిందండీ.”

“మరి ఆ షాపువాడికి ఫోను చెయ్యి. నేను కదల్లేను, వాడినే రమ్మను.” కాస్త ఆగి, గోడ వైపు తిరిగి అన్నారు, “కూతుర్ని కూడా తీసుకురమ్మను. స్క్రూ పట్టుకోవడానికి.”

ఊడిన కాడని కొంగుకి ముడేసుకుని ఫోను దగ్గరికి నడిచాను. బిస్కెట్ల సంగతి కూడా ఆవిడకి ఎప్పుడో తెలిసి ఉంటుందని అప్పుడే అనుమానమొచ్చింది.

సాయంత్రం వచ్చారు తండ్రీకూతుళ్ళు. ముందు గదిలో అప్పటికే ఒక బ్యాంకు మేనేజరూ, ఆవిడ కొడుకూ తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. షాపాయన చిన్న డబ్బా తెరిచి, మా ఆయన బల్ల మూల మీదే కళ్ళజోడు పెట్టుకుని స్క్రూ బిగిస్తున్నాడు. అమ్మాయి లోపలికెళ్ళి అత్తగారి దిండు సర్ది వచ్చి, తండ్రి పక్కన కూర్చుంది.

నేను టీ పెట్టాను. ట్రేలో డబ్బాలో ఉన్న క్రీము బిస్కెట్లన్నీ పేర్చాను.  తీసుకెళ్ళి ఆ అమ్మాయి ముందు పెట్టాను.

మా ఆయన ట్రే వంక చూశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి, ట్రే మీద నుంచి చూపు పైకి తీసుకొచ్చి నా వంక చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు. ఏదో అనబోతున్నారనే అనుకున్నాను. బ్యాంకు మేనేజరమ్మ వైపు ఒకసారి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “తీసుకోండమ్మా, బిస్కెట్లు తీసుకోండి,” అన్నారు. అంతే.

“అయిపోయింది సార్,” అని షాపాయన డబ్బా మూశాడు. “రేపు పక్క కాలేజీలో ఫీజు కట్టేస్తున్నాను. మీ దయవల్ల ఒక బెంగ తీరింది.” లేచాడు. అమ్మాయి కూడా లేచింది, బిస్కెట్టు ముట్టుకోకుండానే. వాళ్ళు గుమ్మం దాటితే నేను మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాలి. అక్కడ తోమడానికి గిన్నెలు కూడా లేవు.

గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ గదిని రోజూ తుడుస్తాను, ఆ కుర్చీల గలేబులు నేనే ఉతుకుతాను, కానీ వాటిలో కూర్చోవడం అదే మొదటిసారి. కాస్త కిందికి ఉంది కుర్చీ. ఇందులో కూర్చుని వినే వాళ్ళకి మా ఆయన ఎందుకంత ఎత్తుగా కనిపిస్తారో తెలిసింది.

“ఒక్క నిమిషం కూర్చోండన్నా,” అన్నాను. “మీ అమ్మాయిని అప్లై చెయ్యనివ్వండి. రేపటిదాకా టైముంది. ఆ ఖాళీ పేజీ నింపడానికి నేను పక్కన కూర్చుంటాను.”

“ఏమోయ్,” అన్నారు మా ఆయన మెల్లిగా.

షాపాయన ఆయన వంకా నా వంకా చూశాడు. “అవకాశం లేదని సార్ చెప్పారు కదమ్మా? ఆ పేజీలో రాయడానికి దానికి ఏమీ లేదు. ఇంటికీ స్కూలుకీ తిరగడమే. అయినా ఇది వెళ్ళిపోతే మా అమ్మని ఎవరు చూస్తారు? వంట ఎవరు చేస్తారు? మనిషిని పెడదామంటే ఇద్దరు కావాలంటున్నారు, పొద్దుటికొకరు, రాత్రికొకరు.”

“ఇద్దరు మనుషుల పని చేస్తున్న పిల్లకి రాయడానికి ఏమీ లేదంటారేంటన్నా?” అన్నాను.

ఆయన మూసిన డబ్బా మళ్ళీ తెరిచి మూశాడు. అమ్మాయి నేల వంక చూస్తోంది. బ్యాంకు మేనేజరమ్మ టీ కప్పు పెదాల దగ్గరే ఆపేసింది. లోపలి గదిలో వాలు కుర్చీ కిర్రుమంటుంది ఎప్పుడూ, అది కూడా ఆగింది.

“సీటు ఖాయమని చెప్పను. ఎవరూ చెప్పలేరు. కానీ పోటీలో నిలబడుతుంది. మీ అమ్మగారి సంగతి మీరూ నేనూ కూర్చుని మాట్లాడదాం, అది ఈ పిల్ల ఒక్కదాని బరువు కాదు.”

“అది కాదమ్మా,” అన్నాడాయన, మర్యాదగానే, నిజంగా అర్థం కాక. “సార్ ఫైలు చూసి చెప్పారు. మీరు... ఏమీ అనుకోకండి, మీరేం చేస్తారు?”

మా ఆయన అలవాటుగా చెయ్యి ఎత్తారు, నా వైపు చూపించడానికి. ఆ చెయ్యి సగం దాకా లేచి అక్కడే ఉండిపోయింది.

“చదువుతానన్నా,” అన్నాను. “ఈ ఇంటికొచ్చే ప్రతి ఫైలూ నేనే చదువుతాను. సార్ చెప్పేది నేను చదివిందే.” నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆ అమ్మాయి తల ఎత్తేదాకా ఆగాను, ఎందుకంటే మిగతాది తండ్రికి చెప్పాల్సింది కాదు.

“నీది తప్పు చదివానమ్మా.”